నుదుటి మీద పడగ

ఎనిమిదేళ్లుగా ఒక వాక్యం మోస్తున్నాను. నేను రాయని వాక్యం. రాసినవి వేలు, వాటిలో ఒక్కటీ గుర్తులేదు.

అప్పుడు నేను ఒక దినపత్రికకు విలేకరిని. నౌపడ దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో, చేపల వేట మీద బతికే ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. నుదుటి మీద నీలి నరాలు ఉబ్బి పడగలా విచ్చుకున్నాయి. అమ్మవారి పడగని ఊరు దండాలు పెట్టింది. నేను ఫోటో తీశాను.

కాన్పు చేసిన డాక్టరుకు ఫోన్ కూడా చేశాను. ఎంత బాధ్యత! ఆయన విడమరిచి చెప్పాడు. మెదడులో ధమని, సిర పుట్టుకతోనే నేరుగా కలిసిపోయాయట. ఆ రక్తం పోటుకు గుండె అలసిపోతోందట. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి ఆ దారి మూసేయాలి, విశాఖ తీసుకెళ్లమని ఇంటివాళ్లకు చీటీ ఇచ్చానని, ఆలస్యమైతే పిల్ల దక్కదని అన్నాడు. అంతా నోట్‌బుక్కులో రాసుకున్నాను. వార్తలో పెట్టలేదు. పెడితే అది లోపలి పేజీలో మూలకు పోయే రోగం వార్త. పడగ అయితే మొదటి పేజీలో బాక్సు. ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కువాళ్లు కోసేశారని చెప్పుకుందామని ఎన్నోసార్లు అనుకున్నాను. నేను పంపితే కదా వాళ్లు కోయడానికి!

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. దేనికి? జనం క్యూ కట్టిన ఫోటో కోసం. నా వార్తను అట్టకు అంటించి పసుపు రాశారు. పక్కన పిల్ల రొప్పుతోంది.

"పాలు తాగట్నేదు బాబూ. ఆయాసపడతన్నాది. ఇశాపట్నం తీసుకెల్లమంటావేటి?" అని తల్లి నన్ను అడిగింది.

అత్తగారు కసిరింది. "నోర్ముయ్యే! అమ్మోరి పడగ మీద కత్తెట్టిస్తావేటే? రోగమైతే పేపరోలు రాయరేటి? సెప్పు బాబూ."

ఇద్దరూ నా వంక చూశారు. నోట్‌బుక్కు జేబులోనే ఉంది.

"పెద్దావిడ చెప్పినట్టు చేయమ్మా" అన్నాను. వాళ్లిచ్చిన టీ తాగి వచ్చాను.

మూడో రోజు పిల్ల పోయింది. ఆ వార్త పంపలేదు.

భయపడ్డానా? అంత గొప్ప కారణం కూడా లేదు. వార్త తప్పని ఒప్పుకుంటే పరువు పోతుందనుకున్నాను, అంతే. ఏమిటా పరువు? జిల్లా పేజీలో పేరు కూడా వేయని విలేకరి పరువు! మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసి, ఆ పల్లెవాళ్ల మీద జాలిపడ్డ పెద్దమనిషిని నేను. ఆ ముసలమ్మ మాత్రం అచ్చును నమ్మింది.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ వాక్యం ఇదిగో: "నుదుటి మీద ఉన్నది జబ్బు, వెంటనే ఆపరేషన్ చేయిస్తే పిల్ల బతకవచ్చు."

రాశాక చేయి కాస్త తేలికైంది. అందుకూ సిగ్గుగానే ఉంది. ఆ బాక్సులో దీనికి చోటుండేది.