ఎత్తకు, నూకు

మా కాక చనిపోయాడన్న కబురు మాకు బట్టలు మార్చుకునే గదిలో తెలిసింది. సెలవు మీద జగిత్యాల దగ్గరి తన ఊరికి వెళ్లినవాడు, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్లీ లేవలేదట. గుండె ఆగిందన్నారట డాక్టర్లు. ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. బయటి నుంచి సూపర్‌వైజర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ తలుపు తట్టాడు. జాకెట్లు వేసుకుని పనిలోకి నడిచాం. ఎవరూ ఏడవలేదు. నాకైతే ఇప్పటికీ ఏడుపు రాలేదు. లోపల ఏదో తిమ్మిరెక్కినట్టుంది.

మేం చేసే పని చెబితే మీరు నవ్వుతారు. దుబాయ్‌లో మంచు ఎత్తిపోస్తాం. ఓ మాల్ లోపల పిల్లలు జారి ఆడుకునే మంచు పార్కు ఉంది. పొద్దున తలుపులు తెరిచేలోగా నడిచే దారుల్లో పేరుకున్న మంచు పక్కకు తీయాలి. బయట ఎండ మాడు పగలగొడుతుంటే మేం లోపల వణుకుతుంటాం. కాక మా ముఠాకు పెద్ద. ఎవరికీ రక్తసంబంధం కాదు, అయినా అందరికీ కాకే.

కొత్తలో నేను పారను మట్టిపనిలో వాడినట్టే వాడాను. ఊళ్లో కాలువ పూడిక తీసిన చేతులు కదా, నిండా ఎత్తి, నడుం తిప్పి, భుజం మీదుగా విసిరేవాణ్ని. మావైపు నుంచి వచ్చే ప్రతివాడూ మొదట చేసేది ఇదే. వారం తిరక్కుండానే నడుం పట్టేసింది. కాక వచ్చి నా పార మీద కాలు పెట్టి ఆపాడు.

"మన్ను ఎత్తుతున్నవారా? ఇవి గడ్డకట్టిన నీళ్లు. ఎత్తకు, నూకు."

"నూకితే ఎప్పటికి ఒడుస్తది కాకా?"

"ఒడువకపోతే మంచు రేపు గూడ ఉంటది. నీ నడుము ఉండాలె గద."

పారను నేలకు ఆనించి, దాని వెనక నడుస్తూ మంచును దారి చివరిదాకా తోసుకుపోయేవాడు. ఎత్తక తప్పనిచోట సగం పారే. మోకాళ్లు వంచి, బరువు ఒంటికి దగ్గరగా పట్టుకుని, నడుం మెలిపెట్టకుండా పాదాలే తిప్పి పోసేవాడు. బస్సు దిగి చెమటతో తడిసిన బనియన్ మీదే జాకెట్ తొడుక్కున్నవాణ్ని గుమ్మంలోనే ఆపేసేవాడు. "తడి బనియన్ ఇప్పు ముందుగాల. సలి గీ చెమటలకెల్లే పడ్తది." ఛాతీ పట్టేసినట్టుందని ఎవరైనా అన్నారంటే చేతిలోంచి పార గుంజుకుని బయట కూర్చోబెట్టేవాడు. ముదీర్ అని మేం పిలిచే మేనేజర్ ఎంత అరిచినా ఆయన చెవిన పడేది కాదు. నడుం పోయినవాడికి ఇక్కడ పని ఖలాస్. నాకీ పని నిలిచిందంటే అది కాక వల్లే.

కర్మ అయిపోయాక చిన్నమ్మ, అంటే కాక భార్య, ఫోన్ చేసింది.

"నిజం చెప్పు బిడ్డా. మంచు పని తేల్కనే అంటుండె. గా సలితోనే గుండె ఆగిందా? వచ్చేస్త అంటే నేనే ఇంకొన్ని దినాలు చెయ్యుమన్న."

నేను డాక్టర్‌ను కాను. చలి వల్లో కాదో నాకు తెలియదు.

"ఎట్ల పనిచేసెటోడో సూపిస్త చిన్నమ్మా" అన్నాను.

పార్కులోకి ఫోన్లు తేనివ్వరు. కాక ఆ నియమం ఏనాడూ దాటలేదు కనుక ఆయన పనిచేస్తుండగా ఆమె ఒక్కసారీ చూడలేదు. సూపర్‌వైజర్‌ను అడిగితే తల ఊపి అటు తిరిగి నిలబడ్డాడు. మర్నాడు పార్కు తెరవకముందే వీడియో కాల్ కలిపి ఫోన్‌ను గోడకు ఆనించాను. పార నేలకు తాకించి, మెల్లగా నడుస్తూ మంచు తోశాను. దారి చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చాను.  

"మబ్బు పడితే కల్లంల వడ్లు గిట్లనే నూకుతుండె" అంది చిన్నమ్మ. "మేమందరం ఉరుకుతుంటిమి. ఆయన ఉరుకకపోతుండె. తిడుతుంటి నేను."

నేను పార పక్కన పెట్టి ఫోన్ తీసుకోబోయాను.

"ఆపకు బిడ్డా. ఇంకొక్కసారి నూకు."

అప్పటికే ఆ దారిలో మంచు లేదు. ఖాళీ పారనే నేలకు ఆనించి, ఆమె చూస్తుండగా, మళ్లీ చివరిదాకా మెల్లగా నడిచాను.