గద్వాల నుండి రంగులరాట్నం దాకా

"ఇగ నన్నెవ్వరు ఎత్తొద్దు." ఈ ప్రయాణానికి మూలం ఈ ఒక్క మాట. అన్నది సుమిత్ర, మా చెల్లెలు లలిత కూతురు. వయస్సు నలభై. పసితనంలో వచ్చిన పోలియో ఆమె రెండు కాళ్ళ బలాన్నీ, ఎడమచేతి పట్టునూ తీసుకొనిపోయి, కుడిచేతిని మాత్రం విడిచిపెట్టింది. గద్వాలలో ఒక చీరల దుకాణానికి దేశం నలుమూలల నుండి వచ్చే ఫోన్లకు ఆమెయే బదులు పలుకుతుంది. బేరంలో ఆమెను గెలిచినవారిని నేనింతవరకు వినలేదు. ఆ సంపాదనతోనే నిరుడు మోటారు చక్రాల కుర్చీ కొనుక్కున్నది. కుడిచేతి కింద చిన్న మీట ఉంటుంది. దానిని ఏ వైపు వంచితే కుర్చీ ఆ వైపు నడుస్తుంది.

అంతవరకు పెళ్ళిపందిరి మెట్లయినా, దవాఖాన మెట్లయినా, బస్సయినా ఎవరో ఒకరు ఆమెను చేతులతో ఎత్తవలసినదే. "ఎత్తేటోళ్ళు మంచోళ్ళే పెద్దమ్మా. కానీ వాళ్ళు యాడ దించితె ఆడ్నే కూసోవాలె గదా" అన్నది నాతో. ఆ పిమ్మట తన కోరిక చెప్పింది. హైదరాబాదు శివారులోని వినోద ఉద్యానంలో పెద్ద రంగులరాట్నం ఉన్నది, దానిని ఎక్కాలి. ఎవరూ ఎత్తకుండా, తనంతట తానుగా ఎక్కాలి. తోడుగా నేను రావాలి. వనపర్తిలో తెలుగు పండితురాలిగా పనిచేసి విశ్రాంతి పొందుతున్న నాకు, డాబా అంచున నిలిచినా కళ్ళు తిరుగుతాయన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు.

ముందుగా వాహనం చిక్కు వచ్చింది. ఈ కుర్చీ మడవడానికి వీలుకానిది. మామూలు కారులో పట్టదు. పలుచోట్ల విచారించగా నాగర్‌కర్నూల్‌లో పెళ్ళిళ్ళకు వంటసామాను మోసే వ్యాను ఒకటి ఉన్నదని తెలిసింది. పెద్ద పెద్ద గుండిగలను దొర్లించి ఎక్కించడానికి దాని వెనుక ఇనుప వాలుపలక అమర్చి ఉన్నది. డ్రైవరు యాదగిరి ముందునాటి రాత్రికే గద్వాల చేరాడు. నేనూ వనపర్తి నుండి సాయంకాలపు బస్సులో వెళ్ళి చెల్లెలి ఇంట బస చేశాను. ఈ మార్గాన వెళ్ళదలచినవారు బుధ, గురువారాలు ఎన్నుకొనుట మేలు. సెలవుదినాలలో ఉద్యానంలో అడుగు పెట్టడానికి చోటుండదు.

తెల్లవారి ఐదు గంటలకు అన్నీ సిద్ధం. కాని లలిత మమ్మల్ని కదలనీయలేదు. కొత్త బండి మొదటిసారి పొలిమేర దాటుతున్నదని కుర్చీకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వెనుక భాగానికి బంతిపూల దండ కట్టింది. ముందుచక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది.

"అమ్మా, ఇది లారీ కాదే!" అన్నది సుమిత్ర.

"చక్రాలున్నయా లేవా? నోర్మూసుకొని పోనియ్."

నిమ్మకాయలు చితికాయి. కుర్చీ వాలుపలక మీదుగా దర్జాగా వ్యానులోనికి ఎక్కింది. గుండిగలు కట్టే కొక్కేలకు తాళ్ళు వేసి యాదగిరి దానిని నాలుగు వైపులా బిగించాడు. "అక్కా, గీ బండ్ల ఇంత మాట్లాడే సామాను ఇప్పటిదాంక ఎక్కలే" అన్నాడు. "నువ్వు జర సూసి నడుపు, లేకుంటె ఒలికిపోత" అని ఆమె జవాబు.

బీచుపల్లి వద్ద కృష్ణ దాటేసరికి నీటిమీద వెలుగు పరచుకుంటున్నది. పెబ్బేరు వద్ద పెద్ద రహదారి విడిచి వనపర్తికి మళ్ళాము. దారి కొంత చుట్టే. అయినా కుర్చీ తిన్నగా లోనికి వెళ్ళగల స్నానాలగది మా ఇంట ఉన్నది. దారిలో అట్టిది మరొకటి దొరుకుతుందన్న నమ్మకం నాకు లేదు. మా ఇంట జొన్నరొట్టెలు, పల్లీల పచ్చడి తిని, బిజినేపల్లిలో తేనీరు తాగి, తిమ్మాజిపేట మీదుగా జడ్చర్ల వద్ద మరల రహదారిని కలిశాము. ఉద్యానం ద్వారం చేరేసరికి పదకొండు కావస్తున్నది.

టికెట్టు వద్ద చిక్కేమీ రాలేదు. లోపలి బాటలు చదును. మరుగుదొడ్లలో ఒకటి వెడల్పైనది, శుభ్రమైనది. సుమిత్ర నన్ను వెనుక వదలి రివ్వున ముందుకు సాగింది. నేను ఆయాసంతో వెంటపడ్డాను. జీవితంలో మొదటిసారిగా "జర ఆగు బిడ్డా" అని నేను ఆమెను వేడుకున్నాను. బొమ్మల రైలునూ, నీటి జారుడుబండలనూ ఆమె కన్నెత్తి చూడలేదు.

రంగులరాట్నం ముందుకు వచ్చి నిలిచాము. ఎంత ఎత్తో నేను చెప్పలేను. తల పూర్తిగా వెనుకకు వంచితే గాని కొస కనబడలేదు. దాని పాదం వద్ద ఎక్కే వేదిక, వేదికకు మెట్లు. ఆ మెట్ల వద్దనే మా ప్రయాణం ఆగింది.

చక్రం నడిపే యువకుడు కుర్చీని చూచి మర్యాదగానే చెప్పాడు: "ఇద్దరు మనుషులను పిలుస్తం మేడం. ఎత్తి కూర్చోబెడతరు. ఒక్క నిమిషం."

"ఎత్తుడు వద్దు" అన్నది సుమిత్ర.

"ఎత్తకపోతే ఎట్ల ఎక్కుతరు?"

ఆమె కుర్చీని కదిపి చక్రం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చింది. మనం ఎక్కడికి వెళ్ళినా గోపురాలను, గోడలను చూస్తాము. ఆమె చూపు ముందుగా నేలమీద పడుతుంది. "పెద్దమ్మా, దిగే పక్కకు మెట్లు లేవు. చెత్తబండి నూకేటందుకు వాలు కట్టిండ్రు" అన్నది. ఆ వైపుగా ఎక్కుతానని యువకునితో చెప్పగా, అది దిగేవారి దారి, అటునుండి ఎక్కించడం నిషేధమన్నాడు. "దిగేటోళ్ళు దిగినంకనే ఎక్కుత. నేనేం వాళ్ళ నెత్తిమీద కెల్లి పోతనా?" అన్నది. అతడు చేతిలోని వాకీటాకీలో ఎవరినో పిలిచాడు.

వచ్చిన పర్యవేక్షకురాలికి ముప్పై ఏళ్ళుంటాయి. నియమం ప్రకారం కుదరదని మొదటి మాటగానే తేల్చింది.

"ఏం నియమమమ్మా? జర సదివి వినిపియ్" అని సుమిత్ర పక్కనున్న నియమాల బోర్డును చూపింది. దానిపై ఉన్నది ఇంతే: తనంతట తాను కూర్చొని, కడ్డీ పట్టుకోగలవారే ఎక్కాలి. "ఎక్కెటప్పుడు నిలబడాలె అని యాడనన్న రాసున్నదా?"

"లేదు, కానీ మీరు ఎట్ల..."

"చూపిస్త. చూసినంక వద్దంటె పోత. చూడకముందు వద్దనుడు బేరమేనా?"

వరుసలో ఒకతను విసుక్కున్నాడు: "గంటసేపాయె నిలబడి. మీ పంచాయితి అయ్యేదెప్పుడు?" అతని ముందున్న ఒక ఇల్లాలు వెనుదిరిగి, "నీకు ఇంట్ల పొయిమీద పాలున్నయా అన్నా?" అని, సుమిత్రతో "మాది తిమ్మాజిపేట అక్కా. నువ్వు చూపియ్, మేం ఆగుతం" అన్నది.

కుర్చీ వెనుక సంచిలోనుండి నేను ఒక కట్టెపలక తీసి ఇచ్చాను. అది గద్వాలలో ఒక నేతగాడు మగ్గం గుంట అంచున వేసుకొని కూర్చొన్న పలక. ఏళ్ళ తరబడి కూర్చొనగా అద్దంవలె నునుపెక్కినది. ఆ ఇంట మగ్గం మార్చినప్పుడు సుమిత్ర అడిగి తెచ్చుకున్నది. కుర్చీ నుండి మంచానికి, మంచం నుండి కుర్చీకి ఆమె దీనిమీదనే జరుగుతుంది. పక్కన ఉన్న బల్లకు కుర్చీని చేర్చి, చేయిపట్టు పైకెత్తి, పలక ఒక కొసను తొడకింద దూర్చి, రెండవ కొసను బల్లమీద ఆనించింది. కుడిచేతిని పిడికిలి బిగించి నొక్కి, ఒకసారి, మరొకసారి జరిగి బల్లమీద కూర్చున్నది. చీర కుచ్చిళ్ళు సవరించుకొని, పర్యవేక్షకురాలిని చూచి, "కూసునుడు వచ్చిందా?" అన్నది. మరల అదే దారిన కుర్చీలోనికి వచ్చింది.

ఆ యువతి వంగి పలకను నొక్కి చూచింది. పిమ్మట, "పక్కన ఇంకొకరు తప్పకుండా కూర్చోవాలి" అన్నది.

"మా పెద్దమ్మ ఉన్నది" అన్నది సుమిత్ర. నేను చక్రం కొస వైపు చూడకుండా తల ఊపాను.

దిగేవారు దిగారు. చక్రాన్ని ఆపారు. కుర్చీ వాలుమీద ఎక్కడం మొదలుపెట్టింది. సగం దూరంలో కిర్రుమని శబ్దం చేసి నిలిచిపోయింది. మీట ఎటు వంచినా కదలదు, కూతమాత్రం పెడుతున్నది. యువకుడు పరుగున వచ్చి కుర్చీ వెనుకకు జారకుండా పట్టుకున్నాడు. పనివాళ్ళలో ఇంకొకతను ముందుకు వచ్చి రెండు చేతులూ ఆమె చంకల వైపు చాచాడు. "ఇంత దూరమొచ్చిండ్రు గదా మేడం, ఈ నాలుగడుగులు ఎత్తుతం."

"కుర్చీని పట్టుకో అన్నా. నన్ను గాదు" అన్నది సుమిత్ర. "పెద్దమ్మా, కింద జర చూడు."

నేను మోకాళ్ళమీద కూర్చొని వంగి చూచాను. లలిత కట్టిన బంతిపూల దండ ఊడి, జారి, దారమంతా వెనుకచక్రం ఇరుసుకు చుట్టుకొని ఉన్నది. కొప్పులోని పిన్ను తీసి దారపు పోగులను ఒక్కొక్కటిగా లాగాను. నలిగిన రేకులు చేతికి వచ్చాయి. పైనుండి సుమిత్ర, "మా అమ్మ పూజ పుణ్యమే ఇది. లారీకైతె ఏం గాకపోవు" అనగా వరుసలోనివారు గొల్లున నవ్వారు. విసుక్కున్నతడు కూడా నవ్వాడు. చివరి పోగు తెగగానే కుర్చీ ముందుకు కదిలింది.

ఇక అసలు ఘట్టం. రాట్నపు పెట్టె బల్లవలె నిశ్చలంగా ఉండదు, తగిలితే ఊగుతుంది. ముందుగా నేను లోపలికి వెళ్ళి పలక కొసను అదిమి పట్టుకున్నాను. యువకుడు పెట్టెను పట్టి నిలిపాడు. సుమిత్ర బరువు పలకమీదికి రాగానే పెట్టె పక్కకు ఒరిగింది, పలక జరిగింది, ఆమె దేహం ముందుకు తూలింది. చుట్టూ నిలిచినవారి చేతులన్నీ ఒక్కసారి లేచాయి. నా చేతులూ లేవబోయాయి.

"ఎవ్వరు ముట్టుకోవద్దు!"

ఆ కేకకు అందరమూ ఆగాము. నేను ఏ పాఠం చెప్పేటప్పుడూ పడనంత కష్టం, ఆ క్షణాన నా చేతులను పలకమీదనే ఉంచడానికి పడ్డాను. ఆమె కుడిచేతితో లోపలి కడ్డీని అందుకున్నది. నరాలు తేలాయి. ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగుకొని, జారి, నా పక్కన వచ్చి కూర్చున్నది. తలుపు మూశారు. కింద తిమ్మాజిపేట ఇల్లాలు ఈల వేసింది.

చక్రం లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. "పెద్దమ్మా, తెరువు. పైసలిచ్చి గుడ్డిదానివైతవా?" అని సుమిత్ర మోచేత పొడిచింది. తెరిచాను. కొస చేరినచోట పెట్టె క్షణకాలం నిలిచినది. దిగువన ఇళ్ళు, చెరువులు, రాతిగుట్టలు, వాటి నడుమ మా ఊళ్ళ వైపు సాగిపోయే రహదారి. గాలికి ఆమె కొంగు నా ముఖంమీద పరచుకున్నది. ఎన్నో వర్ణనలను పిల్లలకు విడమరచి చెప్పినదానను; అక్కడ నాకొక్క విశేషణం తోచలేదు. ఆమె మాత్రం కిందికి వేలు చూపి, "నా కుర్చి చూడు, ఎంత చిన్నగున్నదో!" అని నవ్వింది. వాలు పక్కన ఖాళీగా నిలిచిన ఆ కుర్చీ నిమ్మకాయంత కనబడింది.

ఎక్కడం కన్న దిగడం కఠినమని వెళ్ళబోయేవారు గుర్తుంచుకోవాలి; పెట్టెలోని ఆసనం కుర్చీకన్న పల్లమైనది. పైకి జరగడానికి సుమిత్ర చెమటలు కక్కింది. చక్రం ఆగి ఉన్నంతసేపు ఎవరూ గొణగలేదు. ఆమె కుర్చీలో కుదురుకున్న పిదప పర్యవేక్షకురాలు యువకునితో, "ఈ దారి గుర్తుపెట్టుకో. ఇట్లాంటి వాళ్ళొస్తే ఇటే తీసుకురా" అన్నది. "ఇట్లాంటోళ్ళు అంటె బేరం చేసేటోళ్ళా?" అన్నది సుమిత్ర. ఆ యువతి నవ్వి తల ఊపింది.

పిమ్మట ఉద్యానంలోనే అన్నం తిన్నాము. రుచి సామాన్యం, ఆకలి అసామాన్యం. నాలుగు గంటలకు వ్యాను తిరుగుముఖం పట్టింది. జడ్చర్ల దాటి తిమ్మాజిపేట చేలనడుమ ఎండ వాలుతుండగా లలిత ఫోను చేసింది. సుమిత్ర అందరికీ వినబడేటట్లు పెట్టింది.

"ఎక్కినవానే?"

"ఎక్కినమ్మా."

"ఎవలెత్తిండ్రు?"

"ఎవ్వలెత్తలే. నేనే ఎక్కిన."

నలభై ఏళ్ళు ఆ బిడ్డను చంకనెత్తి, భుజానెత్తి, నడుము పోగొట్టుకున్న మనిషి నా చెల్లెలు. యాదగిరి బండి వేగం తగ్గించాడు.

"మల్ల దిగెటప్పుడు?"

"దిగుడు గుడ్క నేనే."

"నిజంగ? అక్కా, నిజమేనా?"

"నిజమే లలితా. నేను పలక పట్టుకున్న, అంతే. నా చెయ్యి గుడ్క తగలనియ్యలే" అన్నాను.

లలిత ముక్కు చీదిన శబ్దం వినబడింది. తరువాత, "అయితె ఈసారి నేను గుడ్క వస్త. నాకు మోకాళ్ళు నొస్తున్నయి, నన్నే ఎవలన్న ఎత్తాలె" అన్నది.

"నేను కూసున్నంక నిన్ను నా ఒడిల కూసోబెట్టుకుంట తియ్" అన్నది సుమిత్ర.

నేను ఎన్నో క్షేత్రాలు చూచాను. ఎన్నో గోపురాలకు మొక్కాను. వెళ్ళిన చోటు గొప్పదో, వెళ్ళిన తీరు గొప్పదో ఇంతకుముందు నేను ఆలోచించలేదు. బిజినేపల్లి దీపాలు కనబడుతుండగా సుమిత్ర తల వాల్చి నిద్రపోయింది. కుడిచేయి ఒడిలో తెరిచి ఉన్నది; కడ్డీని పట్టిన గుర్తు అరచేతిలో ఎర్రగా కనబడుతున్నది.