ఉస్తాద్ చెక్కదిమ్మె

తాగి లారీ కింద పడ్డాడని రాశారు. అబద్ధం. మొన్న సోమవారం మధ్యాహ్నం పటాన్‌చెరులో, బొంబాయి రోడ్డు మీది మా డీజిల్ బంకులో చనిపోయిన ఉస్తాద్ మందు ముట్టని మనిషి. బీడీ కూడా గేటు బయటే ఆర్పి, మిగిలిన ముక్క చెవి మీద పెట్టుకుని లోపలికి వచ్చేవాడు.

లారీ డ్రైవర్లంతా ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. డీజిల్ పోసే పని నాది. చేరిన వారంలోనే ఆయనతో తగాదా పెట్టుకున్నాను. ఇంజన్ ఆపాడు, దిగాడు, వెనక చక్రం కింద చెక్కదిమ్మె తోశాడు. అప్పుడు గానీ ట్యాంకు మూత తియ్యలేదు. వెనక హారన్లు మోగుతున్నాయి.

“జల్దీ కానియ్యి! నీ బండికి బ్రేకు లేదా ఏంది?” అని అరిచాను.

“ఉన్నది తమ్మీ. గది పట్టకపోతె నాకేం కాదు, పైన సీట్ల కూసుంట. నువ్వు ఏడ నిలబడ్డవో సూసుకో.”

చూసుకున్నాను. ముందు చక్రానికి జానెడు వెనక నా కాళ్లు.

మా బంకు నేల రోడ్డు వైపు వాలి ఉంటుంది, బ్రేకు జారితే లోపలికి వచ్చిన లారీ వెనక్కి దొర్లుతుంది. పాత లారీల ఇంజన్ ఆపితే మళ్లీ నలుగురు నెట్టాలి. అందుకే ఎవరూ ఆపరు. ఆయన ఆపేవాడు. తన బండి మొరాయిస్తే “జెర చెయ్యెయ్యుండ్రి భాయ్” అని పిలిచేవాడు. పక్కవాడి బండికి మాత్రం పిలవకముందే భుజం పెట్టేవాడు. పోయేముందు దిమ్మెను గోడ పక్కకు చేర్చడం ఒక్కరోజూ మరవలేదు.

“బర్రెకు మొద్దు కట్టినట్టు బండికి కడ్తవేంది ఉస్తాద్?” అని ఒక డ్రైవర్ ఎగతాళి చేశాడు.

“బర్రె తన్నితె లేస్తవు బిడ్డా. గిది తన్నితె లేస్తవా?”

తర్వాత మా సేటు లైను నెమ్మదైందని బంకు దిమ్మెలన్నీ చాయ్ పొయ్యిలో పెట్టించాడు. ఇంజన్లు ఆపొద్దన్నాడు. ఉస్తాద్ ఒక్కడే నిలబడి అడిగాడు.

“లైను కదలాలె సేటూ, కాదన్న. బండి కదిలితె ఎవడు పట్టుకుంటడు?”

“నీకు భయమైతె వేరే బంకుకు పో!”

పోలేదు. తన దిమ్మె ఒకటి సీటు కింద పెట్టుకుని వచ్చాడు. వేరేవాళ్ల బండ్లకు కూడా తనే దిగి పెట్టేవాడు.

సోమవారం ఇనుము నింపిన లారీకి డీజిల్ పోస్తున్నాను. డ్రైవర్ ఇంజన్ నడుస్తుండగానే చాయ్‌కి పోయాడు. వెనక లారీ ఉస్తాద్‌ది. “తమ్మీ, జరుగు!” అన్న కేక విని తలెత్తేసరికి ముందు చక్రం నా మీదికి వస్తోంది. ఆయన దిమ్మె పట్టుకుని వెనక చక్రం దగ్గరికి ఉరికాడు. లారీ ఆగింది. ఆగేలోపు ఆయన్ని కిందికి లాక్కుంది. నా కాళ్లు నాకున్నాయి.

సాయంత్రం సేటు, ఉస్తాద్ ఎలా పోయాడో రాసిన కాగితం తెచ్చి సాక్షిగా సంతకం పెట్టమన్నాడు. నేను చదవగలనని ఆయనకు తెలియదు. బడికి పోలేదు, లారీల వెనక రాతలు చూసి అక్షరాలు నేర్చినవాణ్ణి. ‘తాగి’ అన్న మాట దగ్గర ఆగాను. కలం తిరిగిచ్చాను.

సేటూ, ఇది చదువుతున్నవాళ్లందరి ముందు అడుగుతున్నాను. ఆ మాట కొట్టేసిన కాగితం, పంపు పంపుకూ ఒక దిమ్మె. శుక్రవారం సాయంత్రం షిఫ్టు దిగేలోపు జవాబు కావాలి. ఉస్తాద్ దిమ్మె టైరు అచ్చుతో సహా మొదటి పంపు ముందు పెట్టాను. అది చక్రం కిందికి పోనిదే నా చెయ్యి పైపు మీదికి పోదు.