బిందె వెనక ఎర్ర గన్నేరు

పదో తరగతి పిల్లలకు బడిలోనే కరోనా టీకా వేస్తామని, తల్లిదండ్రులు సంతకం పెట్టి పంపాలని మా అమ్మాయి ఒక కాగితం తెచ్చింది. అది మా ఫ్రిజ్ మీద నాలుగు రోజులు పడి ఉంది. నేను తిరుచానూరులో ఒక మందుల షాపులో పనిచేస్తాను. టీకా ఎందుకో వీధి మొత్తానికి చెప్పగలను, నా ఇంట్లో తప్ప. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, ఆ ఇంట్లో మా అత్త ఉంటుందని వాళ్లకేం తెలుసు.

అత్త గుడి దగ్గర పూలు అమ్మేది. సెకండ్ వేవ్‌లో ఆమె పక్కన తమలపాకులు అమ్మే ముసలాయన టీకా వేయించుకున్న వారానికే పోయాడు. ఆయనకు అంతకుముందే జ్వరం ఉందని నేను ఎన్నిసార్లు చెప్పినా, "జొరం అందరికీ వస్తాది. సూది ఆయప్పకే కదా ఏసినారు" అనేది. తాను వేయించుకోలేదు. మనవరాలి సంగతి వచ్చేసరికి వీధంతా ఆమె వైపే. "ఆడబిడ్డకు సూదేస్తే రేపు కడుపు పండదంట" అని ఎదురింటామె గుమ్మంలో నిలబడి చెప్పిపోయింది. షాపుకు వచ్చిన ఒకాయన, సూది లేకుండా వేసినట్టు కాగితం మాత్రం దొరుకుతుందా అని నన్నే అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయేది. మా ఆయన మాత్రం ఆటో తుడుచుకుంటూ, "మా అమ్మనడుగు" అనేవాడు. పెళ్లినాడు తాళి కూడా వాళ్లమ్మనడిగే కట్టి ఉంటాడు.

నా భయం నాది. సెకండ్ వేవ్‌లో ఒక తల్లి మందు చీటీ పట్టుకుని మా షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆ మందు మా దగ్గర లేదు. ఆమె కొడుక్కి పదహారేళ్లు. మా అమ్మాయికి పదిహేను.

చివరికి అత్తే దారి చెప్పింది. "గంగమ్మనడుగుదాం. తెల్లపూవు వస్తే ఏపిచ్చు. ఎర్రపూవు వస్తే ఆ కాయితం చించెయ్."

మా ఇళ్లలో ఎటూ తేలని పనికి అలాగే అడుగుతారు. ఒక ఆకులో తెల్లపూవు, ఇంకో ఆకులో ఎర్రపూవు పెట్టి, పొట్లాలు కట్టి గంగమ్మ పటం ముందు ఉంచుతారు. ఇంట్లో బిడ్డ ఒకటి తీస్తుంది. అదే అమ్మ మాట. అత్త ఒక నందివర్ధనం, ఒక ఎర్ర గన్నేరు నా చేతికిచ్చి, కట్టమని చెప్పి స్నానానికి వెళ్లింది. మా పెరట్లో నందివర్ధనం చెట్టుంది. నేను ఇంకో పూవు కోసుకొచ్చి రెండు పొట్లాల్లోనూ తెల్లపూవే పెట్టాను. గన్నేరును నీళ్ల బిందె వెనక్కి తోసేశాను.

అమ్మాయి తీసింది. తెల్లపూవు. "అమ్మ సరేననింది" అని అత్త కళ్లకద్దుకుంది. మిగిలిన పొట్లాన్ని గబుక్కున ఎత్తి కాలువలో పడేశాను. సాయంత్రం బిందె వెనక చూస్తే గన్నేరు లేదు. ఎలుక లాక్కుపోయిందనుకున్నాను.

టీకా వేసిన మర్నాడు అమ్మాయికి జ్వరం వచ్చింది. అది మామూలేనని షాపులో రోజూ అందరికీ చెప్పేదాన్నే. నా బిడ్డ ఒళ్లు కాలుతుంటే నా తెలివంతా ఏ గంగలో కలిసిందో! అమ్మను మోసం చేశాను, ఆ కోపం బిడ్డ మీద చూపిస్తోంది అనుకున్నాను. అత్త మాత్రం నిమ్మళంగా తడిగుడ్డ వేస్తూ, "ఏమీ కాదులే మే, అడిగే కదా ఏపిచ్చినాం" అంది. నేను పటం ముందు చెంపలు వేసుకుని, ఇంకెప్పుడూ నీ ముందు అబద్ధమాడను తల్లీ అని మొక్కుకున్నాను. రెండో రోజు జ్వరం దిగింది. అమ్మాయి లేచి దోసెలు అడిగింది.

వారం తర్వాత అత్త తనంతట తానే వచ్చి నా పక్కన కూర్చుంది. "నాకు గూడా అడుగుదామా? పొట్లాలు నువ్వే కట్టు మే."

నా మొక్కు గుర్తొచ్చింది. ఒకదాంట్లో తెల్లది, ఒకదాంట్లో ఎర్రది, ఉన్నదున్నట్టు కట్టాను. అమ్మాయి తీసిన పొట్లంలో గన్నేరు ఉంది. అత్త ఆ పూవును చూసింది, తర్వాత నా ముఖం చూసింది. "అవన్నీ వదిలెయ్ అత్తా, పోయి ఏపిచ్చుకుందాం పా" అన్నాను. ఒక్కసారే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

నెల తిరక్కముందే ఆమెకు కరోనా వచ్చింది. ఆసుపత్రిలో మాస్కు మీద మాస్కు పెట్టుకుని నేనే పక్కన ఉన్నాను. ఒక మధ్యాహ్నం, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతోనే, ఆగి ఆగి చెప్పింది.

"మే, బిందె ఎనక ఉన్నింది సూడు, ఆ గన్నేరు పూవు... నేనే ఎత్తినా."

"తెలిసీ యాల ఊరుకున్నావత్తా?" అన్నాను.

"బిడ్డ మంచికే కదా అనుకున్నా. నాకు గూడా అట్నే కడతావనుకున్నా."

ఆమె ఆఖరి మాట అది కాదు. ఆ తర్వాత ఇంకా రెండు రోజులు బతికింది. ఆసుపత్రి కాఫీలో చక్కెర లేదని తిట్టింది. మనవరాలికి జడ బిగించి వేయమంది. నాకు వినపడేది మాత్రం ఆ మధ్యాహ్నం మాటే. నా బిడ్డ కోసం ఆడిన అబద్ధం ఆమె కోసం ఇంకొక్కసారి ఆడితే సరిపోయేది. ఆమెకు పొట్లాలు కట్టిన రోజు పెరట్లో చెట్టు నిండా తెల్లపూలు ఉన్నాయి.