మా అమ్మ కోసం ఎల్లవ్వ ఏడ్చిన ఏడుపు

ఎల్లవ్వ మా అమ్మకు చెల్లెలి వరస, నాకు చిన్నమ్మ. పుట్టింది ఎల్లారెడ్డిపేటలో, ఇచ్చింది రుద్రంగికి. చదువు మూడో తరగతి. వాళ్ల అన్నను సిరిసిల్ల హాస్టల్లో వేసి చదివించారు, ఈమె ఒళ్లో బీడీలు చుట్టే చాట పెట్టారు. యాభై ఏళ్లయినా ఆ చాట దిగలేదు.

మా వైపు ఆడవాళ్లు చావులో ఊరికే ఏడవరు. పోయిన మనిషి బతుకంతా రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. అందులో ఎల్లవ్వను మించినవాళ్లు లేరు. పిల్లికి బిచ్చం పెట్టని పోచయ్య చచ్చినప్పుడు కూడా ఆమె ఏడ్చిన తీరుకు అతనితో మాటల్లేని అన్నదమ్ములు కళ్లు తుడుచుకున్నారు. అయినా ఆమెను కవి అన్నవాడు లేడు. "మంచిగ ఏడుస్తది" అనేవారు, అంతే.

కవిని నేను. పేరు భూమేశ్, కోరుట్లలో తెలుగు సారును. ఇంట్లో శాలువాలకే ఒక బీరువా ఉంది. నవ్వకండి.

ఏడేళ్ల కింద ఆమె భర్త కిష్టయ్య మస్కట్‌లో గుండె ఆగి పోయాడు. ఇరవై రెండు రోజులకు పెట్టె వచ్చింది. ఎల్లవ్వ ఆ పెట్టె మీద పడింది. "పెండ్లినాడు సిగ్గయి నీ మొకం సూడకపోతి. గియ్యాల సూద్దామంటే మేకులు గొట్టి పంపిరి" అంటూ రాగం ఎత్తుకుంది. నాకు ఏడుపొచ్చింది, అబద్ధం చెప్పను. కానీ ఏడుస్తూనే జేబులో ఫోన్ రికార్డింగ్ నొక్కాను.

వారం తిరక్కుండా ఆ మాటలకు పల్లవి కట్టి, అటూ ఇటూ సర్ది, జగిత్యాలలో ఒక గాయకుడితో పాడించాను. యూట్యూబ్‌లో పెట్టాం. రచన: భూమేశ్. లక్షలమంది చూశారు. సిరిసిల్లలో సన్మానం కూడా జరిగింది. నేను రాయకపోతే ఆ మాటలు గాలికి పోయేవని నాకు నేనే చెప్పుకున్నాను. సిగ్గులేని మనసు, ఇప్పటికీ సగం అలాగే అనుకుంటుంది.

ఎల్లవ్వ ఆ పాటను మొదట విన్నది కోరుట్ల వచ్చే ఆటోలో.

"ఎవలదిరా గీ పాట?" అని అడిగిందట.

"మన సారు రాసిండవ్వా. జబర్దస్త్ ఉంటది" అన్నాడట డ్రైవర్.

నడిమిట్లో ఆటో దిగి, ఎండలో మా ఇంటిదాకా నడిచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మేం ఏడిస్తే ఏడుపు, నువ్వు రాస్తే పాటనా కొడుకా?" అంది. మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏ చావింట్లోనూ ఆమె నోరు విప్పలేదు.

"దాని మొగని సావును అమ్ముకుంటివి గదరా" అంది మా అమ్మ కొమురమ్మ. నిరుడు మంచం పట్టాక అమ్మకు రోజూ ఒకటే మాట. "నాకు ఎల్లవ్వనే ఏడ్వాలె. అది ఏడ్వకపోతే నేను బతికినట్టే ఎవలకు తెల్వది." అమ్మ వండింది, నాటు వేసింది, మమ్మల్ని సాదింది, ఇంకేముంది చెప్పడానికి అనుకున్నాను.

అమ్మ పోయిన పొద్దున నేనే రుద్రంగి పోయి ఎల్లవ్వ కాళ్లు పట్టుకున్నాను. చాట పక్కన పెట్టి నా వెంట వచ్చింది. అమ్మను పడుకోబెట్టిన ముందుగదిలోకి అడుగుపెట్టి, చుట్టూ చూసింది.

"మొగోళ్లు బయటికి పోండ్రి. ఆడోళ్ల ఫోన్లు గూడ బయట పెట్టుండ్రి. తలుపులెయ్యుండ్రి."

"పీనుగు ఇంట్ల ఉండంగ తలుపులేస్తరా ఏందే!" అని మా మేనమామ లేచాడు.

"ఏస్తెనే ఏడుస్త. లేకుంటె పోత."

"నేను కొడుకును చిన్నమ్మా" అన్నాను.

"గందుకే" అంది.

తలుపు పడింది. ఎల్లవ్వ రాగం ఎత్తుకుంది, ఇన్నేళ్లకు. రాగం వినబడుతోంది గాని మాట అందడం లేదు. అంతమంది చూస్తుండగా సిగ్గు విడిచి తలుపుకు చెవి ఆనించాను. నా పేరు ఒకసారి వినబడినట్టయింది. ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. ఆ వెంటనే నవ్వారు. చావింట్లో అలాంటి నవ్వు నేనెన్నడూ వినలేదు. మళ్లీ ఏడ్చారు.

తలుపు తీశాక ఒక్కొక్కరే బయటికి వస్తూ నా మొహం చూసి చూపు తిప్పుకున్నారు. నా బిడ్డ శ్రీజ కూడా. పదహారేళ్ల పిల్ల. నా తల్లి గురించి నాకు తెలియనిదేదో దానికి తెలుసు.

ఏడాది కావస్తోంది. బోర్డు మీద రాస్తుంటే ఆ రాగం మొదలవుతుంది, సుద్దముక్క ఆగిపోతుంది. తలుపు వేసి ఉన్న ఇంటి ముందు నుంచి పోవాలంటే భయం. మా అమ్మ లోపలుండి నన్ను రానివ్వనట్టే ఉంటుంది.

నిన్న మళ్లీ నా భార్య లతను బతిమాలాను. "గా దినం చిన్నమ్మ మా అమ్మ గురించి ఏమన్నది? ఒక్క మాటన్న చెప్పు."

లత బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "ఎందుకు? రాసుకుంటవా?" అంది.

రాయనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.