పాతూరి సందుల్లో వేపరొట్టలు

నా చిన్నప్పుడు, మా అరకు నుంచి విశాఖపట్నం వెళ్ళొచ్చినవాళ్ళు వారం రోజులపాటు సముద్రం గురించే మాట్లాడే కాలంలో, నేనూ ఒకసారి విశాఖ వెళ్ళాను. సముద్రం మాత్రం చూడలేదు. మా అమ్మమ్మ నన్ను తీసుకెళ్ళింది కుట్టుమిషను షటిల్ కోసం, అంటే అడుగు దారం కండె పట్టే ఇనప ముక్క కోసం.

అమ్మమ్మ హాస్టలు పిల్లలకు యూనిఫారాలు కుట్టేది. బడి తెరవడానికి వారం ఉందనగా షటిల్ విరిగింది. ముప్పై చొక్కాలు చేతుల్లేకుండా దండెం మీద వేలాడుతున్నాయి. బనియన్లని చెప్పి ఇచ్చేద్దామన్నాను. ఆమె నవ్వలేదు. చెప్పిన రోజుకు ఇవ్వకపోతే వచ్చే ఏడాది ఆ పని ఇంకొకరికి పోతుంది. మా ఇల్లు గడిచేదే ఆ మిషను మీద.

తెల్లవారుజామున బస్సెక్కి విశాఖలో దిగాం. అంత పాత మిషనుకు సామాను రావడం లేదని పెద్ద షాపువాళ్ళు చేతులెత్తేశారు. వన్ టౌన్‌లో, అంటే పాతూరి సందుల్లో, పాత సామాను దాచుకునే మెకానిక్కు ఒకాయన ఉన్నాడన్నారు. ఏ సందో వాళ్ళకూ తెలియదు. సాయంత్రం నాలుగింటికి తిరుగు బస్సు.

ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళెవరూ అటు రారు. పెచ్చులూడిన మేడలు, వాటి మధ్య పెంకుటిళ్ళు, ఎండుచేపల వాసన, ఎక్కడో ఓడ కూత. ఎదురుగా మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు పక్కింటి అరుగెక్కాలి. ఒకే ఆకుపచ్చ తలుపు ముందుకు మూడోసారి వచ్చేసరికి అమ్మమ్మ ఆగిపోయింది. మా కొండల్లో దారి చీలిన చోట, పోకూడని వైపు అడ్డంగా రొట్ట, అంటే పచ్చని ఆకుల కొమ్మ, విరిచి పడేస్తారు. వెనక వచ్చేవాళ్ళు దాన్ని చూసి అటు పోరు. అమ్మమ్మ అక్కడున్న వేపచెట్టు రొట్టలు విరిచి, వెతికేసిన ప్రతి సందు మొదట్లోనూ ఒకటి వేస్తూ పోయింది. ఆలోచన నాకు నచ్చింది. ఒక మేకకు కూడా నచ్చి, వెనకే వచ్చి రెండు రొట్టలు తినేసింది.

ఏడు సందులు అయ్యాక ఒక టిఫిన్ కొట్టావిడ గరిటెతో ఎదురొచ్చింది.

"మా సందులో వేపరొట్ట ఏసింది నువ్వేనా మామ్మా?"

"నేనేనమ్మా. అది దారి కాదని ఏసినాను."

"దారి కాదా? మా సందులో అమ్మోరు పోసిందనుకుని ఒక్కడూ కొట్టు కాడికి రాటం లేదు. ఇన్ని ఇడ్లీలు నేనేటి సేసుకోను?"

అప్పుడు తెలిసింది. వీధిలో వేపరొట్ట కనబడితే అక్కడివాళ్ళు ఆటలమ్మ వచ్చిందనుకుంటారు. గంటలో మా అమ్మమ్మ ఏడు సందులకు ఆటలమ్మను తెప్పించింది. అంత వేగం ఆ జబ్బుకు కూడా లేదు.

నేను ఆమె చెయ్యి పట్టి లాగాను. బేగి పోదామన్నాను. రొట్టల సంగతి మేక చూసుకుంటుందన్నాను.

"మేకకి తినటం వొచ్చు, సెప్పటం రాదు కదే గుంటా" అని అమ్మమ్మ వెనక్కి తిరిగింది.

ప్రతి సందులోకీ వెళ్ళింది. రొట్ట తీసి చంకన పెట్టుకుని, ఒక్కో తలుపూ తట్టి, ఇక్కడ అమ్మోరు లేదు, తప్పు నాదే అని చెప్పింది. ఒకరు తిట్టారు. ఒకరు మంచినీళ్ళిచ్చారు. ఇంకొకాయన సగం విని తలుపేసుకుంటే మళ్ళీ తట్టి మిగతా సగం కూడా చెప్పింది. నేను ఎండనూ నీడనూ చూసి బస్సు టైము లెక్క కట్టుకుంటూ ఏడుపు మొహంతో నడిచాను.

అయిదో సందులో ఒక ముసలావిడ దగ్గొచ్చేదాకా నవ్వి, ఇంతకీ ఏం పని మీద వచ్చారని అడిగింది. అమ్మమ్మ చెప్పింది.

"మిషన్లోడా? మా గోడెనకే. బోర్డు లేదు. సెవుడు కూడాను, తలుపు గట్టిగా బాదు."

ఆ తలుపు ముందు నుంచి పొద్దున రెండుసార్లు వెళ్ళాం. అప్పుడు వీధిలో పోయేవాళ్ళను అడిగామే గానీ, ఒక్క తలుపూ తట్టలేదు. అమ్మమ్మ బాదగా బాదగా ఆ మెకానిక్కు తలుపు తీసి, రేకుడబ్బా కింద బోర్లించి వెతికాడు. మూడో షటిల్ సరిపోయింది.

ఇక పరుగే అనుకున్నాను. అమ్మమ్మ షటిల్ కొంగున కట్టుకుని, "ఇంకా రెండు సందులున్నాయి" అంది. ఆ రెండూ అయ్యాక బస్టాండుకు పరిగెత్తి, కదులుతున్న బస్సు ఎక్కాం. సీటు లేదు. ఘాట్ రోడ్డంతా నిలబడే వచ్చాం. బడి తెరిచేనాటికి చొక్కాలన్నిటికీ చేతులొచ్చాయి.

ఇప్పుడు నేను బడిలో లెక్కలు చెబుతాను. పిల్లలు నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నాక, బోర్డు మీద నేను తప్పు వేశానని అప్పుడప్పుడు తెలుస్తుంది. ఎవరూ గమనించకుండా తుడిచేయడం తేలిక, డస్టరు చేతిలోనే ఉంటుంది. తుడవను. బెంచీ బెంచీకీ వెళ్ళి, మూడో లైను నేను తప్పు వేశాను, దిద్దుకోండని చెబుతాను. పిల్లలకు అదొక పండగ. ఒక్కోసారి చివరి బెంచీకి చేరకముందే గంట కొట్టేస్తారు. గుమ్మం దగ్గర నిలబడి, మిగిలినవాళ్ళకు చెప్పాకే బయటికి పంపిస్తాను.