మేస్త్రీ వెయ్యని గచ్చు

మేస్త్రీ చేతిలో తాపీ ఉంటే గోడ మాట వింటుందని పేరు. బడి మెట్లు ఆయన కట్టినవే. ఆసుపత్రి నీళ్ల ట్యాంకూ ఆయనదే, దానిమీద వెంట్రుకంత బీట చూపించమనండి! కట్టినదాన్ని పగలగొట్టి మళ్ళీ కట్టడం ఆయన ఎరగడు. ఆ సంగతి ఆయనే చెప్పుకునేవాడు, వినేవాళ్ళు దొరికితే రెండుసార్లు.

ఆయన భార్య, వీధిలో మరికొందరు ఆడవాళ్ళు కలిసి చెత్తకుప్ప ఎత్తించి అక్కడ తోట వేశారు. కొనుక్కొచ్చిన పూలు కావు. తుమ్మి, జిల్లేడు, గట్లమీద వాటంతటవే మొలిచే మొక్కలు. అవైతేనే తేనెటీగలూ సీతాకోకచిలుకలూ వస్తాయట. ఆదివారం ప్రారంభం. మధ్యలో వదిలిన బోడినేలను గచ్చు చేస్తే పెద్దలకు కుర్చీలు వేయొచ్చన్నాడు కాలనీ అధ్యక్షుడు.

శనివారం పొద్దున్నే మేస్త్రీ వెళ్ళాడు. నేలంతా సన్నని బెజ్జాలు. బెజ్జం కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. ముందు వాటన్నిటిలో సిమెంటు కూరి నున్నగా మెత్తాడు. అప్పుడొచ్చింది భార్య.

"ఏమయ్యా, బెజ్జాలేవి?"

"పూడ్చేశా. చీమలవి."

"చీమలా? కళ్ళజోడు గూట్లోనే పెట్టి వచ్చావా? నేలలో గూడు పెట్టే తేనెటీగలయ్యా అవి. లోపల పిల్లలుంటాయి. ఇన్నాళ్ళూ మేం నీళ్ళు మోసింది నీ గచ్చు కోసమనుకున్నావా?"

కాళ్ళకు పసుప్పచ్చని పుప్పొడి అంటించుకుని తేనెటీగలు తిరిగొచ్చాయి. తడి సిమెంటుమీద వాలి, వెతికి, లేచి, మళ్ళీ వాలాయి. ఒకటి ఆయన తాపీ మీదే వాలింది. ఇంతమందికి ఇళ్ళు కట్టిన మనిషి, ఒకరిని బయట నిలబెట్టి తలుపు మూయడం అదే మొదటిసారి.

గొంతుక్కూర్చుని, మెత్తినదంతా తాపీ మొనతో పెకలించసాగాడు. అధ్యక్షుడు స్కూటరు ఆపాడు.

"వేసింది తీస్తున్నారేంటి మేస్త్రీగారూ?"

"తప్పు వేశా. తీస్తున్నా."

"గచ్చు లేకపోతే తోటే వద్దు. దున్నించేసి బండ్లు పెట్టుకోవడానికి ఇచ్చేస్తాం."

మొక్కలకు నీళ్ళు పోస్తున్న భార్య బిందె కింద పెట్టేసింది. మేస్త్రీ తలెత్తలేదు.

"మీ ఇంటి పునాది ఎవరు వేశారు?"

"మీరే."

"కదిలిందా?"

"లేదు."

"నేనూ కదలను. కావాలంటే ఇంకో మేస్త్రీని పిలవండి. అందరూ నా దగ్గర పని నేర్చినవాళ్ళే."

పిలిచాడు. ఇద్దరొచ్చారు. నేల మధ్య ముక్కాలిపీట వేసుకుని కూర్చున్న గురువును చూసి, "ఇక్కడ మాకు పనేముంది సార్" అని వెళ్ళిపోయారు. బండ్లవాళ్ళకు కబురు పెడదామంటే, ఆడవాళ్ళంతా నీళ్ళ బిందెలతో మేస్త్రీ చుట్టూ చేరారు.

ఆదివారం కుర్చీలు రోడ్డుమీదే పడ్డాయి.

"పెద్దలు వీధిలో కూర్చున్నంతమాత్రాన చిన్నవాళ్ళయిపోరు లెండి" అంది మేస్త్రీ భార్య, అధ్యక్షుడికి మంచినీళ్ళిస్తూ.

బెజ్జాలన్నీ తెరుచుకోలేదు. తెరుచుకున్నవాటి చుట్టూ మేస్త్రీ ఒక వరస ఇటుకలు పేర్చాడు, రసమట్టం పెట్టి ఎగుడుదిగుడు లేకుండా చూసి మరీ, సిమెంటు చుక్క లేకుండా. ఇప్పుడు కొత్తవాళ్ళెవరైనా దొరికితే బడి మెట్లూ ట్యాంకూ తర్వాతే. ముందు ఇక్కడికి తీసుకొచ్చి, "ఇదిగో, ఈ గచ్చు నేను వెయ్యలేదు" అని చూపిస్తాడు.